పేడనీళ్ల సీను

నాటకం పేరెత్తితే నాకు మొదట గుర్తొచ్చేది కొబ్బరినూనెలో కలిపిన బొగ్గుపొడి వాసన. అది ముఖానికి పూసుకుని ఎండలో నిలబడితే చెమటతో కలిసి పెదాల మీదికి కారుతుంది. ఆ రుచి తలుచుకుంటే ఇప్పటికీ డోకొస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బాలికల ఆశ్రమ పాఠశాలలో నాటకాన్ని ఒక సబ్జెక్టుగా పెట్టారు. సగం మార్కులు రాత పరీక్షకి, సగం ప్రదర్శనకి. పాఠం చెప్పడానికి కొండల కింద మైదాన ప్రాంతం నుంచి ఒక మాస్టారు వచ్చాడు. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. "మీ ఊళ్లో జరిగేవి చెప్పండి, అదే నాటకం" అనేవాడు. మా ఊరి సంగతి అడిగిన మొదటి మాస్టారు అతనే. పొంగిపోయి అంతా చెప్పేశాను.

మాది జి.మాడుగుల దగ్గర కొండమీది ఊరు. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్లు వేటకి వెళతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి నోటికొచ్చినట్టు తిడతారు. ఇప్పుడు అడవిలో వేటాడడానికి ఏముంది కనక? ఏటా దాదాపు అందరూ ఉత్త చేతులతోనే వస్తారు. సెల్‌ఫోన్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మరీ తిట్లు తినడానికి వస్తారు. మా అమ్మ మా అయ్యని తనివితీరా తిట్టుకునే రోజు అదొక్కటే.

మాస్టారు అదంతా రాసుకుని, వారానికి నాటకం తెచ్చాడు. వేటగాళ్లకు నడుముకి విస్తళ్లు కుట్టే అడ్డాకులు, తలకి కోడి ఈకలు, ముఖానికి బొగ్గు. మాటల్లేవు. "హుయ్యా హుయ్యా" అని గెంతడమే. మధ్యలో పేడనీళ్ల సీను ఒక్కటే నేను చెప్పినట్టు ఉంది. చివర్లో పచ్చిమాంసం కోసం కొట్టుకోవాలి. మాంసానికి బదులు బీట్‌రూట్ ముక్కలు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది.

"మావోళ్లు ఇలా ఉండరు సార్, ప్యాంట్లు వేసుకుంటారు" అన్నాను.

"ప్యాంటు వేస్తే కొండవాళ్లని ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు నవ్వుతూ. "పెద్ద వేటగాడి వేషం నీకే ఇచ్చాను."

లెక్కల్లో నావి ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఒక్క సబ్జెక్టులోనైనా ఫస్టు రావాలని ఆశ. గంగిరెద్దులా తల ఊపాను. కానీ ప్రదర్శనకి అయ్య వస్తానన్నాడు. తన పండగకి నేను పట్టించిన గతి చూసి ఏమంటాడోనని ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఆరోజు ముందు వరసలో కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక నేల మీద అమ్మానాన్నలు. నేను గెంతగానే కుర్చీలు నవ్వాయి. ఆ నవ్వు చెవిన పడేకొద్దీ ఇంకా ఎత్తు గెంతాను. సిగ్గు విడిచి చెబుతున్నాను. కింద పడ్డ బీట్‌రూట్ ముక్కని మాస్టారు చెప్పకుండానే వంగి నోటితో అందుకున్నాను. చప్పట్లు మోగాయి. మాస్టారి మీద కన్నా నా మీద నాకు పుట్టిన రోత ఎక్కువ. అది ఇంతవరకూ తగ్గలేదు.

కుళాయి దగ్గర ముఖం రుద్దుకుంటుంటే అయ్య వచ్చాడు. తలెత్తలేకపోయాను.

"బాగా సేసినావమ్మా, నవ్వలేక సచ్చినాం" అన్నాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "పేడనీల్లు మన మాదిరే సల్లినారు. ఆ ఆకులు కట్టుకున్నోల్లు మాత్రం ఏ ఊరోల్లే? ఒడిస్సా పక్కోల్లా?"

తిట్టినా బాగుండేది.

"ఔనయ్యా, అటుపక్కోల్లే" అన్నాను.

అయ్య తన తువ్వాలుతో నా చెవి వెనక మిగిలిన బొగ్గు తుడిచాడు.

"పాపం," అన్నాడు, "ఆల్ల పిల్లలకి బడి లేదేటమ్మా?"