బాపు గొంగడి, తమ్ముడి ఎర్ర కారు

మొన్న మా అబ్బాయి కొత్త కారులో నన్ను కూర్చోబెట్టుకుని జనగామ బజారుకు తీసుకెళ్తుంటే, లోపల ఎంత నిశ్శబ్దమంటే నా గాజుల చప్పుడు నాకే కొత్తగా వినిపించింది. రెండో మలుపులో మాత్రం డ్యాష్‌బోర్డు వెనక సన్నగా టిక్కుమంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు చెప్తానన్నాడు వాడు. నేను అరచెయ్యి ఆనించి చూసి, గాలి వచ్చే జాలీ కింద క్లిప్పు వదులైందని చెప్పాను. వాడు నమ్మలేదు. ఆ రోజులు చూసిన మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యోగులమంతా పని మానేసిన కాలమది. బస్సులు డిపో దాటడం లేదు. భూపాలపల్లిలో కొలువు చేసే మా తమ్ముడు చిన్నప్పటి నుంచి కలలుగన్న రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారును, పాతదైనా సరేనని హైదరాబాదులో కొని, ఆ నెలలోనే జనగామలో మా ఇంటికి తెచ్చాడు. చూపుకు పెళ్లికొడుకే గానీ, కదిలితే లోపల గిన్నెల దుకాణం.

సరిగ్గా అప్పుడే మహబూబాబాద్ నుంచి కబురొచ్చింది, అరవై తొమ్మిది నాటి తొలి ఉద్యమంలో మా నాన్న, అదే మా బాపుతో పాటు జైలుకెళ్లిన దోస్తు మంచం పట్టాడని, ఎక్కువ రోజులు ఉండడని. బాపుకు ఆ ఉద్యమంలోనే చెవి మీద లాఠీదెబ్బ పడింది. గలగలమనే చప్పుడు వింటే ఆయనకు తల పగిలిపోయేది, అందుకే మా ఇంట్లో గిన్నెలు కూడా మెల్లగా దించేవాళ్లం. ఎలాగో తమ్ముడి కారెక్కాడు గానీ, వీధి చివరికి చేరకముందే తల పట్టుకుని దిగిపోయాడు. అరుగు మీద కూర్చుని, "వాడు పోతడు బిడ్డా, నేను సూడలేను" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

మరునాడు ధర్నా టెంటుకు వెళ్లకుండా కారు ముందు కూర్చున్నాను. ఏళ్ల తరబడి టైపు మిషను ముందు పనిచేసిన చెవులు నావి, ఏ మీట సడలిందో చప్పుడును బట్టే చెప్పేదాన్ని. తమ్ముడు మెల్లగా నడుపుతుంటే కారు లోపలి ఒక్కో ప్లాస్టిక్ పలకను అరచేత్తో నొక్కి, ఎక్కడ నొక్కితే చప్పుడు ఆగుతుందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాను. ఆ పలకలన్నీ విప్పి గుడ్డముక్కలు కుక్కాం గానీ, అవి నలిగి మళ్లీ వదులయ్యాయి. అదంతా చూస్తున్న బాపు లోపలికి వెళ్లి తన నల్ల గొంగడి తెచ్చాడు. జైల్లో ఇద్దరూ కలిసి కప్పుకున్న గొంగడి అది. దాన్ని కోయడానికి నాకు మనసొప్పలేదు. "వాని కాడికి పోతందుకే గదా, కొయ్యి" అంటూ మొదటి ముక్క ఆయనే కోశాడు.

సాయంత్రానికి చప్పుళ్లన్నీ ఆగాయి, గతుకు వచ్చినప్పుడల్లా ఠంగుమనేది తప్ప. మళ్లీ విప్పాం, మళ్లీ బిగించాం. తమ్ముడు నన్ను, నేను కారును తిట్టుకున్నాం. చివరికి సీటు కింద చెయ్యి పెడితే మా గంటె దొరికింది! అంతకు ముందు వారం ఉద్యోగులమంతా నిరసనగా రోడ్డు మీద వంటా వార్పూ చేసినప్పుడు గిన్నెలన్నీ ఈ కారులోనే మోసుకెళ్లాం. గంటె కనబడక పక్కింటి అక్కను అనుమానించాను కూడా, సిగ్గుచేటు!

తెల్లారి బయల్దేరాం. నేను వెనక సీట్లో ఇరుక్కుని ప్రతి గతుకుకూ ఊపిరి బిగబట్టాను. తొర్రూరు దాటాక తొంగిచూస్తే, బాపు తల పక్కకు వాల్చి హాయిగా నిద్రపోతున్నాడు. నా మొత్తం సర్వీసులో అంత గర్వపడిన రోజు లేదు.

మంచం మీది పెద్దాయన బాపును చూసి, "బస్సుల్లేవు గదరా, ఎట్లొచ్చినవ్?" అన్నాడు.

"నా బిడ్డ తెచ్చింది" అన్నాడు బాపు.

ఇద్దరూ చేతులు పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నారు. నెల తిరక్కుండానే ఆయన పోయాడు. రాష్ట్రం వచ్చిననాడు ఆయన పేరు తలుచుకుని బాపు మిఠాయి పంచాడు. ఇప్పుడు బాపూ లేడు.

ఆ కారును తమ్ముడు ఎప్పుడో అమ్మేశాడు. అమ్మేముందు గొంగడి ముక్కలు తీసి నాకిస్తానన్నాడు గానీ, నేనే వద్దన్నాను. ఈనాటి కార్లు కొన్ననాటి నుంచే చప్పుడు చెయ్యవు, చేసినా ఎవరూ విప్పి చూడరు. మా ఎర్ర కారును మాత్రం ఎక్కడో ఎవరో నడుపుతూనే ఉంటారు. అది గతుకుల్లో కూడా ఎందుకంత చప్పుడు లేకుండా పోతుందో వాళ్లకు తెలియదు.