బిక్షం అనే పరోటా

మా అండాలక్కకు ఒక జబ్బుంది. ఎదురుపడిన మనిషిని "తిన్నవా?" అని అడగకుండా ఉండలేదు. చలానా రాసే పోలీసాయన్ని అడుగుతుంది, ఓట్లకు వచ్చినవాళ్లను అడుగుతుంది, కొంగు దోపుకుని తనతో కొట్లాటకు వచ్చిన వాళ్లను కూడా ముందు అదే అడుగుతుంది. దేశదేశాల్లో దుకాణం పెట్టిన ఒక పెద్ద కంపెనీ ఈ జబ్బు దెబ్బకే కూలిపోయింది. నమ్మకపోతే మీ ఖర్మ. తెల్ల టోపీ పెట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

మాది తుక్కుగూడలో ఒకే గల్లీ. డిగ్రీ మధ్యలో మానేసి నేను ఇంట్లో కూర్చుంటే, "ఇంట్ల కూసుంటే గోడలు బువ్వ పెడ్తయా కవితా?" అని అడ్డా మీదికి లాక్కుపోయింది ఆమే. అడ్డా అంటే పొద్దున్నే పని కోసం చౌరస్తాలో నిలబడడం. మేస్త్రీలు వచ్చి వంకాయలు ఏరినట్టు ఏరుకుంటారు. నువ్వు రా, నువ్వొద్దు. కందుకూరు దగ్గరి పొలం ప్లాట్లయిపోయాక అక్కకు ఆ చౌరస్తాయే దిక్కయింది గానీ, ఆ ఏరడమంటే మాత్రం ఒళ్లుమంట. ఎయిర్‌పోర్టు స్టాఫు బస్సు మెడలో కార్డులు వేసుకున్న మనుషులతో పోతుంటే మలుపు తిరిగేదాకా చూసేది.

"గట్ల నా ఫోటో ఉన్న కార్డు మెడలేసుకొని పొయ్యే నౌకరి ఒక్కటి దొర్కాలె. ఇగ ఈ చౌరస్తా మొకం సూస్తే ఒట్టు" అనేది.

అలాంటి ఒక పొద్దున పసిడిపళ్లెం ఫుడ్స్ వాళ్ల వ్యాను వచ్చి మమ్మల్నందరినీ ఏరకుండానే ఎక్కించుకుంది. బడంగ్‌పేట్‌లో పచ్చళ్ల దుకాణంతో మొదలైన కంపెనీ అది. ఇప్పుడు దుబాయిలో ఆఫీసు, లండన్‌లో ఆఫీసు, సింగపూర్‌లో ఇంకోటి. శంషాబాద్ దారి పొడుగునా దాని బోర్డులే, బంగారు పళ్లెంలో పొగలు కక్కే పరోటా బొమ్మతో. మా ఊరి షెడ్డులో చేసిన పరోటాలనే సగం ప్రపంచం తింటోందని పేపర్లో కూడా వేశారు. షేరు ధర రోజురోజుకూ లేస్తోందట.

మేనేజరు కార్తీక్ కాకినాడ అబ్బాయి. చూస్తే పాపం అనిపించే మొహం. "ఇప్పుడు మీకు ఇచ్చేది శిక్షణేనమ్మా. ఆఖరి మెషిను ఓడలో వస్తోంది. అది రాగానే అందరినీ పర్మనెంట్ చేస్తాం. ఫోటోతో ఐడీ కార్డులు ఇస్తాం" అన్నాడు. కార్డు అనగానే అండాలక్క ఇంకేమీ వినలేదు.

పెద్దమనుషులెవరైనా చూడ్డానికి వచ్చిన రోజే మాకు పని. తెల్ల కోట్లు, టోపీలు, మాస్కులు వేసుకుని బెల్టు పక్కన నిలబడాలి. బెల్టు మీద వచ్చే పరోటాలను డబ్బాల్లో పెట్టి మూత వేస్తే, డబ్బాలు కిటికీలోంచి గోడ అవతలికి పోయేవి. అవతల మా రాములమ్మ వాళ్లు మూతలు తీసి, అవే పరోటాలను మళ్లీ బెల్టు మీదికి తోసేవాళ్లు. మేం మళ్లీ సర్దేవాళ్లం. పెద్దమనుషులు పోగానే అవి ఐసుపెట్టెలోకి పోయేవి, మళ్లీ ఎవరో వచ్చేదాకా. డ్రైవింగ్ స్కూలు కారు మాత్రం ఏ ఊరు పోతుంది, గ్రౌండు చుట్టే కదా, శిక్షణంటే ఇంతేనేమో అనుకున్నాం.

ఆ పరోటాల్లో ఒకదానికి అంచు చిరిగింది. అక్క దాన్ని గుర్తుపట్టేసింది. "ఎంత తోలినా మల్ల ఇంటికే వస్తది, అచ్చం మా ఆయన లెక్కనే" అని దానికి మొగుడి పేరే పెట్టింది, బిక్షం అని. అది వచ్చినప్పుడల్లా "అచ్చినవా బిక్షం? మల్ల తాగొచ్చినవా?" అనేది. మాస్కుల వెనక నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. ఇక్కడి పనివాళ్లు ఎంతో సంతోషంగా ఉన్నారని ఎవరో దొరగారు రాసుకుపోయాడట కూడా.

ఆర్నెల్లు ఇలా గడిచాక కార్తీక్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ముంబై నుంచి ఆడిటర్ మేడమ్ వస్తున్నారు. ఆవిడ సరేనంటే రేపే మీ కార్డులు. ఫోటోలు ప్రింటింగుకు కూడా వెళ్లాయి. అండాలు గారూ, మీకు దణ్ణం పెడతాను, ఇవాళ ఒక్కరోజు నోరు విప్పకండి."

"నేనెందుకు మాట్లాడ్త?" అంది అక్క. ఆమె మొహానికి పౌడరు రాసుకుని, జడలో పువ్వు పెట్టుకుని దిగిన ఫోటో ఇంకో కాపీ కొంగు ముడిలో ఉంది. రోజుకోసారి తీసి చూసుకునేది.

ఆడిటర్ అంటే కళ్లద్దాల ముసలాయన అనుకున్నాం. వచ్చింది సంయుక్త అని, చిన్నపిల్ల. విమానం దిగి నేరుగా వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బెల్టు తిరుగుతోంది, పరోటాలు వస్తున్నాయి, అంతా దివ్యంగా ఉంది. అక్క మాత్రం నా చెవిలో "ఆ పిల్ల తినలే" అంది.

"నోర్ముయ్యక్కా, కార్డు!" అని గిల్లాను.

అంతలో ఆ పిల్లే అంది: "పొద్దుటి నుంచి ఏమీ తినలేదండీ. మీ పరోటా ఒకటి వేడి చేసి ఇస్తారా? ఎలాగూ రుచి చూడాలి కదా." అంటూ చెయ్యి చాపి బెల్టు మీంచి ఒకటి తీసింది. ఇన్ని పరోటాలుండగా ఆ మహాతల్లి చేతికి బిక్షమే దొరకాలా!

పరోటాల కంపెనీలో నిలబడి పరోటా తినొద్దని ఏ మేనేజరు చెప్పగలడు? "త... తప్పకుండా" అని కార్తీక్ తన గదిలోని ఓవెన్‌లో పెట్టి, పళ్లెంలో తెచ్చాడు. వాసన నా మాస్కులోంచి కూడా తెలిసింది. సంయుక్త ముక్క తుంపి నోటి దగ్గరికి తీసుకుపోయింది.

నేను అక్క వైపు చూశాను. ఆమె కొంగు ముడి పట్టుకుని ఉంది. ఒక్క క్షణం. తర్వాత ముడి వదిలేసి బెల్టు మీదినుంచి ఒక్క దూకు దూకింది.

"థూ, పారెయ్ బిడ్డా! తినకు! ఆర్నెల్ల సంది గిర్ర గిర్ర తిరుగుతున్నదది!"

సంయుక్త చేతిలోని ముక్కను చూసింది, బెల్టును చూసింది, అక్కను చూసింది. "ఆరు నెలలా?"

"ముందు తిను. మల్ల మాట్లాడుదం" అని అక్క తన టిఫిన్ విప్పింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. ఆ పిల్ల ఆవురావురుమని తింటూనే అడిగింది: "మరి పరోటాలకు పిండి ఎక్కడ కలుపుతారండీ?"

"పిండా? ఈడ పిండి మొకం సూసినోళ్లెవరు? ఎన్నడన్న పొయ్యి ముట్టిస్తే గద!"

కార్తీక్ అట్టపెట్టె మీద కూలబడ్డాడు. అక్క అతని వైపు తిరిగి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అంది. వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. మిగిలిన రొట్టె వాడికి పెట్టింది.

తర్వాత టీవీలో చూశాం. కొన్న దుబాయి వాళ్లూ, అమ్మిన లండన్ వాళ్లూ అందరూ ఒక్కరేనట. లేని పరోటాలను కుడిచేత్తో అమ్మి, ఎడమచేత్తో కొన్నట్టు లెక్కలు రాసి, అవి చూపించి బ్యాంకుల్లో అప్పులు తెచ్చారట. షేరు ధర నేలకు దిగింది. చైర్మనుకు, పెద్దవాళ్లందరికీ వచ్చినట్టే, వారంటు చూడగానే ఛాతీనొప్పి వచ్చి దవాఖానలో పడుకున్నాడు.

మా ఆడవాళ్లు అక్క మీద విరుచుకుపడ్డారు. "నీ నోట్ల మన్నువడ! ఒక్క పూట మూసుకుంటే అందరికి నౌకరి అస్తుండె" అని రాములమ్మ తిట్టింది. నేనూ మొహం తిప్పుకున్నాను. అక్క ఒక్కటే అంది: "తింటుంటే సూస్కుంట నిలవడాల్నా మరి?" మర్నాడు అడ్డాలో కొంగు ముడి విప్పి ఫోటో చూసుకుంటూ కళ్లు తుడుచుకుంటుంటే పోయి పక్కన నిలబడ్డాను.

షెడ్డుకు సీలు వేశారు. గేటు ముందు టీవీ వాళ్లు, అధికారులు, డబ్బు పోగొట్టుకుని శాపనార్థాలు పెట్టేవాళ్లు. చుట్టుపక్కల చాయ్ కూడా దొరకదు. అండాలక్క ఊరుకుంటుందా? మూడు రాళ్లు పెట్టి, పెనం ఎక్కించి, బంగారు పళ్లెం బోర్డు కిందనే రొట్టెలు కాల్చింది. వారం తిరిగేసరికి రాములమ్మ కూడా వచ్చి పిండి పిసకసాగింది, తిట్లు ఆపకుండానే.

విచారణ ఆఫీసు వాళ్లు సాక్ష్యానికి రమ్మంటే నేనే తీసుకుపోయాను. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఆమెను నిలబెట్టి ఫోటో తీశాడు. మెషిన్లోంచి కార్డు బయటికి వచ్చింది. పేరు, ఫోటో, నీలం దారం. మెడలో వేశాడు. అక్క ఆ అబ్బాయిని తిన్నావా అని కూడా అడగలేదు.

లోపల రెండు గంటలు గలగలా మాట్లాడి వచ్చింది. గేటు దగ్గర అబ్బాయి చెయ్యి చాపాడు. "కార్డు ఇచ్చి పోవాలమ్మా."

అక్క దారం సగం దాకా తీసి ఆగిపోయింది. "నా ఫోటో ఉన్నది గదా బిడ్డా."

"రూల్సమ్మా."

అక్క అతన్ని తేరిపార చూసింది. "తిన్నవా?"

"ఇంకా లేదు" అన్నాడు వాడు. అంతే! సంచిలోంచి రొట్టెల డబ్బా తీసి వాడి రెండు చేతుల్లో పెట్టి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, బస్టాపు దాకా ఒకటే పరుగు! వెనక నేను. నవ్వుతో కడుపులో నొప్పి పుట్టి పరిగెత్తలేకపోయాను. వాడు "అమ్మా! అమ్మా!" అని అరిచాడే గానీ డబ్బా మాత్రం వదల్లేదు.

ఆ కార్డు ఇప్పటికీ మెడలోనే ఉంది. పెనం మీదికి వంగినప్పుడల్లా వెనక్కి వేసుకుంటుంది. మొన్న ఎయిర్‌పోర్టు స్టాఫు బస్సు ఆగి, ఒక కార్డు అమ్మాయి దిగి, ఈమె కార్డు చూసి అడిగింది: "ఏ కంపెనీల చేస్తున్నవ్ అక్కా?"

"నా కంపెనీలనే" అంది అండాలక్క. "తిన్నవా?"