కొండ కోసినవాళ్ళకు లేని రూలు

మా వరి ఆకుమడి మట్టి కింద పూడిపోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

మా ఊరు జంగారెడ్డిగూడేనికి దగ్గర్లో ఉంది. అంతా మెట్ట ప్రాంతం. నేను పుట్టి పెరిగింది మాత్రం నరసాపురం వైపు. అక్కడ నేల పళ్ళెంలా ఉంటుంది. వాన పడితే నీళ్ళు ఎటు పోవాలో తెలియనట్టు చేలల్లోనే నిలబడిపోతాయి. పెళ్ళై ఇక్కడికి వచ్చాకే నీళ్ళు పరుగెత్తడం చూశాను. మా పొలానికి ఎగువన చిన్న కొండలాంటి మెరక, దాని మీద జీడిమామిడి తోట. ఎంత గట్టి వాన పడినా ఆ చెట్ల కింది ఎండుటాకులు నీళ్ళని పట్టి పట్టి వదిలేవి. మా బోదె కాలవలోకి వచ్చేసరికి ఆ నీళ్ళు టీ డికాక్షన్ రంగులో, నెమ్మదిగా వచ్చేవి. ఆ నీళ్ళతోనే మేము ఊడ్పులు చేసుకునేవాళ్ళం.

మొన్న వేసవిలో ఆ తోట అమ్ముడుపోయింది. జీడిగింజలు ఏరడం అయ్యిందో లేదో, జేసీబీలు వచ్చేశాయి. చెట్లని వేళ్ళతో సహా పెకిలించి ఒక మూలకు నెట్టారు. ఆ తర్వాత కొండనంతటినీ ఒకేసారి చదును చేయడం మొదలుపెట్టారు. ఎక్కడా ఒక పొద కూడా మిగల్చలేదు. కొండ చర్మం ఒలిచినట్టు ఎర్రగా తేలింది. పైనుంచి కిందకి, సరిగ్గా మా పొలం వైపుకి, తిన్నగా రెండు రోడ్లు కోశారు. కింద గేటు దగ్గర రంగురంగుల జెండాలు, ఒక పెద్ద ఆర్చి, దాని పక్కన ఏసీ ఉన్న రేకుల గది పెట్టారు.

మావారికి గొడవలంటే భయం. "వాళ్ళ స్థలం, వాళ్ళిష్టం. మనకెందుకే?" అన్నారు.

"వాళ్ళ స్థలంలో పడిన వాన వాళ్ళ స్థలంలోనే ఉంటుందా అండి?" అని నేనే బయల్దేరాను.

రేకుల గదిలో లేఅవుట్ వేస్తున్నాయన ఉన్నాడు. నలగని తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. నన్ను చూడగానే కుర్చీ వేయించి, కూల్ డ్రింక్ తెప్పించాడు.

"చెప్పండి మేడమ్, ఈస్ట్ ఫేసింగ్ కావాలా, కార్నర్ బిట్ కావాలా?"

"నాకు ప్లాట్ వద్దండి. కింద పొలం మాది. మీరు రోడ్లు ఇలా తిన్నగా కిందకి కోసేస్తే వానకి మట్టంతా మా మీదకే వస్తుంది. కింద ఒక గట్టన్నా వేయించండి."

ఆయన నవ్వాడు. "అన్నీ రూల్ ప్రకారమే చేస్తున్నాం మేడమ్. అప్రూవల్ ఉంది. మీరు టెన్షన్ పడకండి. డ్రింక్ తాగండి."

నేను డ్రింక్ ముట్టుకోకుండా తిన్నగా పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను. మా సెక్రటరీ గారు చిన్నవాడే. మర్యాదగా మాట్లాడతాడు. నేను చెప్పిందంతా విని కంప్యూటర్‌లో ఏదో తెరిచి చూశాడు.

"రూల్ ఉందండి," అన్నాడు. "మట్టి కదిపే ముందే దిగువన గట్టు వేయాలి. నీళ్ళు బయటికి పోయేచోట గుంట తవ్వి, మట్టి అందులో పేరుకున్నాకే నీళ్ళు వదలాలి. వానాకాలం ముందర కొండంతా ఒకేసారి తవ్వకూడదు. అంచున చెట్ల వరస ఉంచాలి. అన్నీ అప్రూవల్ షరతుల్లో ఉన్నాయండి."

"కాగితంలో ఉన్నాయి సరే. కొండ మీద ఒక్కటీ లేదు కదా బాబూ?"

అతను ఇబ్బందిగా కదిలాడు. "పై ఆఫీసు వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తారండి. వాళ్ళు చూసుకుంటారు."

నిజంగానే వచ్చారు. వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే ఒక లారీ నిండా ఇసుక బస్తాలు దిగాయి. కూలీలు వాటిని మా పొలం గట్టు పొడుగునా చక్కగా పేర్చారు. వాటి వెనక కర్రలు పాతి ఆకుపచ్చ వల కట్టారు. నేను వంటింటి పని వదిలేసి వెళ్ళి చూస్తూ నిలబడ్డాను. ఏదో చేస్తున్నారులే అనుకుని నిజంగా సంతోషించాను కూడా. కారులో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. బస్తాల దగ్గర నిలబడి ఫోటోలు తీసుకున్నారు. నేను దగ్గరకి వెళ్ళేలోపే కారెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున పొలానికి వెళ్తే అదే లారీ మళ్ళీ నిలబడి ఉంది. కూలీలు బస్తాలు పైకెక్కిస్తున్నారు. వల కూడా చుట్టేశారు.

"ఏంటయ్యా, తీసేస్తున్నారేంటి?" అని డ్రైవర్‌ని అడిగాను.

"వేరే లేఅవుట్‌లో రేపు ఇన్‌స్పెక్షన్ ఉందండి," అన్నాడు అతను. దాచాల్సిన విషయం అని కూడా అతనికి తట్టలేదు. పెళ్ళి పందిరికి అద్దె కుర్చీలు తిరిగినట్టు, ఆ బస్తాలు ఊరూరా తిరుగుతున్నాయన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. "ఫోటోలు అప్‌లోడ్ అయిపోయాయండి, నేను మళ్ళీ పైకి చెప్తాను," అన్నాడు. ఎవరికి చెప్పాడో, ఏం చెప్పాడో నాకు తెలీదు. ఎవరూ రాలేదు.

మేం ఆకుమడిలో వరినారు పోసుకున్నాం. విత్తనం మొలిచి పచ్చగా జానెడు లేచింది. ఇంకొన్ని రోజుల్లో ఆకు తీసి ఊడ్పులకి దిగాలి. అప్పుడు పడింది అసలు వాన. తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేదాకా ఆగకుండా కొట్టింది. వాన కొంచెం సన్నగిల్లగానే మావారూ నేనూ గొడుగు వేసుకుని పరుగెత్తాం.

చేనుగట్టు మీదకి చేరేసరికి నాకు మా మడి ఎక్కడుందో అర్థం కాలేదు. ఎర్రటి బురద, అందులో గ్రావెల్ రాళ్ళు, తెగిన జీడిమామిడి వేళ్ళు. పైన కోసిన రెండు రోడ్లూ రెండు కాలవలయ్యాయి. వాటి వెంట కొండ కరిగి ఇంకా దిగుతూనే ఉంది. మడి అంచున మాత్రం కొన్ని ఆకు కొసలు బురదలోంచి పైకి కనిపిస్తున్నాయి. మావారు గట్టు మీద కూలబడిపోయారు.

మా పొలం పక్కనే ఒక పెద్దావిడ ఇల్లు ఉంది. నేను పిన్ని అని పిలుస్తాను. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. వాళ్ళ వాకిట్లో నుయ్యి ఉంది. పంచాయతీ కుళాయి రాని రోజుల్లో ఆ వీధంతా ఆ నుయ్యే దిక్కు. ఆ రోజు వరదకి నూతి గట్టు ఒక పక్క ఒరిగి, బురద లోపలికి దిగిపోయింది. నేను వెళ్ళేసరికి పిన్ని చేద వేసి తోడుతోంది. చేదలో వచ్చింది నీరు కాదు, ఎర్ర జావ.

"చూడమ్మాయ్, మా అత్తగారు తవ్వించిన నుయ్యి," అంది. మళ్ళీ చేద నూతిలోకి వదిలింది.

నేను తడిసిన చీరతోనే రేకుల గదికి వెళ్ళాను. ఆ తెల్ల చొక్కాయన ఈసారి కుర్చీ వేయించలేదు.

"వాన దేవుడిది మేడమ్. మేం ఏం చేస్తాం చెప్పండి?"

"వాన దేవుడిదే. కొండ కోసింది మాత్రం మీరు."

"అయినా మట్టి పొలానికి మంచిదే కదండీ. గోదావరి వరదకి ఒండ్రు పడితే రైతులు సంతోషిస్తారు కదా!"

ఒండ్రు అంటే ఏంటో నాకు చెప్తున్నాడు! మా పుట్టింటి వైపు గోదావరి లంకల్లో వరద తీశాక కాలు పెడితే వెన్నలా జారే నల్లటి ఒండ్రు నేను చూశాను. ఏమీ వేయకుండానే కూరపాదులు అల్లుకునేవి అందులో. ఇది అది కాదు. ఇది కొండ కడుపులోంచి తోడిన మొరం. ఇందులో గడ్డి కూడా మొలవదు. ఆ మాటే ఆయన మొహం మీదే చెప్పాను. ఆయన ఫోన్ మోగింది. ఎత్తి మాట్లాడుతూ బయటికి వెళ్ళిపోయాడు.

దీనికంటే పెద్ద వింత ఆ తర్వాత జరిగింది. పిన్ని ఇద్దరు కూలీలని పెట్టి నూతిలో పూడిక తీయించింది. వాకిలి చిన్నది కాబట్టి ఆ మట్టిని ఇంటి ముందు రోడ్డు అంచున పోయించింది. ఆ సాయంత్రమే పంచాయతీ మనిషి వచ్చి, రోడ్డు మీద మట్టి పోయడం తప్పనీ, డ్రైనేజీకి అడ్డం పడుతుందనీ, వెంటనే ఎత్తకపోతే ఫైన్ పడుతుందనీ చెప్పి వెళ్ళాడు. పిన్ని భయపడిపోయి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"అమ్మాయ్, నా మీద కేసు పెడతారంటావా?"

నేను ఆమెను వెంటబెట్టుకుని మర్నాడు పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి మావారు కూడా వచ్చారు. నేను రమ్మనలేదు, ఆయనే చెప్పులేసుకుని బయల్దేరారు.

"సెక్రటరీ గారూ, ఒక్క సంగతి చెప్పండి," అన్నాను. "ఈవిడ తన నూతిలోంచి తీసిన మట్టి రోడ్డు పక్కన పోస్తే రూల్ ఒక్క పూటలో ఇంటికి నడిచొచ్చింది. కొండంత మట్టి మా పొలాల్లోకి వస్తే, ఆ రూల్ ఇంకా మీ కంప్యూటర్‌లోంచి దిగలేదేంటండి?"

అతను తల దించుకున్నాడు. "ఆ మనిషి అలా చెప్పి ఉండకూడదండి. ఫైన్ ఏం ఉండదు. నేను మాట్లాడతాను."

"మాట్లాడ్డాలు అయిపోయాయి బాబూ," అన్నారు మావారు. "ఇంకో వాన వస్తే మా పొలం మొత్తం పోతుంది. మీరు వచ్చి కళ్ళతో చూడండి. ఇప్పుడే రండి."

అతను వచ్చాడు. నిజం చెప్పాలి, ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. మడి చూశాడు, నుయ్యి చూశాడు. నోటీసు ఇచ్చాడు కూడా. ఆ నోటీసు రేకుల గదికి చేరింది, అక్కడే ఆగిపోయింది. కొండ మీద జేసీబీ మాత్రం ఆగలేదు.

ఆదివారం వచ్చింది. ఆదివారాలు రాజమండ్రి నుంచీ, ఇంకా దూరం నుంచీ కార్లలో కుటుంబాలు ప్లాట్లు చూసుకోవడానికి వస్తాయి. వాళ్ళ కోసం గేటు దగ్గర టిఫిన్లు పెడతారు. నేనూ, పిన్నీ, ఆ నూతి నీళ్ళు వాడుకునే వీధి ఆడవాళ్ళూ కలిసి గేటు దగ్గరకి వెళ్ళాం. జెండాలు, నినాదాలు ఏమీ లేవు. ఒక స్టీలు బిందె నిండా, ఇంకా ఎర్రగానే ఉన్న నూతి నీళ్ళు పట్టుకెళ్ళాం. వచ్చిన ప్రతి కారు దగ్గరా ఆ బిందె దించి, "ఇవి మేం తాగే నీళ్ళండి. పైన మీరు కొనబోయే స్థలమే ఇలా కిందకి వచ్చింది," అని చెప్పాం.

తెల్ల చొక్కాయన పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఇదేం పద్ధతి? కస్టమర్లని ఇలా డిస్టర్బ్ చేస్తారా?"

"మీరు మా పొలాన్ని డిస్టర్బ్ చేసినప్పుడు నేను మిమ్మల్ని పద్ధతిగానే అడిగాను కదండీ," అన్నాను.

ఒక కారులోంచి దిగిన పెద్దాయన బిందెలోకి వంగి చూశాడు. తర్వాత తలెత్తి పైన గండి పడ్డ రోడ్డు చూశాడు. "ఏమండీ, ఒక్క వానకే రోడ్డు ఇలా కోసుకుపోతే మా ఇంటి పునాది సంగతేంటి?" అని అడిగాడు. ఆయన భార్య అప్పటికే కారు తలుపు తీసి లోపల కూర్చుంది. వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళు కూడా దిగకుండానే వెనక్కి తిప్పేశారు.

సోమవారం పొద్దున జేసీబీ మా పొలం వైపు వచ్చింది. కింద పొడుగునా ఎత్తైన మట్టి గట్టు వేశారు. నీళ్ళు వచ్చేచోట పెద్ద గుంట తవ్వారు. రోడ్ల పక్కన అడ్డంగా రాళ్ళు పేర్చారు. గట్టు మీద గడ్డి పిలకలు నాటించారు. అన్నీ సెక్రటరీ గారు కంప్యూటర్ చూసి చదివినవే, ఒక్కటీ కొత్తది కాదు. ఆ వారంలోనే పని పూర్తైపోయింది. ఇంత సులువైన పని. అంతకుముందు మేం ఎంత మొత్తుకున్నా, చట్టం ఎంత చెప్పినా కాని పని, ఒక కొనుగోలుదారు కారు తిప్పుకుపోతే అయ్యింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. "గెలిచావే," అంది పిన్ని. నాకు మాత్రం గెలిచినట్టు అనిపించలేదు. కంపరం పుట్టింది.

మడిలో మట్టి తీయించాం కానీ ఆకు బతకలేదు. పక్క ఊరిలో ఆకు మిగిలినవాళ్ళని బతిమాలి తెచ్చుకుని ఆలస్యంగా ఊడ్పులు పూర్తి చేశాం. మడి ఉన్న చోట మాత్రం చేను గిడసబారి, పసుపుగానే నిలబడింది. పిన్ని నుయ్యి మళ్ళీ తోడించాం. నీళ్ళు తేరుకున్నాయి గానీ, గిన్నెలో ఒక పూట ఉంచితే అడుగున ఇప్పటికీ ఎర్రటి పొడి దిగుతుంది. ఆమె గుడ్డ వేసి వడకట్టుకుని తాగుతోంది.

ఈ మధ్య వానలకి ఆ గుంట నిండిపోయింది. మట్టి అంచుదాకా వచ్చింది. తీయించమని ఫోన్ చేస్తే, "గుంట తవ్వమన్నారు, తవ్వాం కదా మేడమ్," అన్నాడు తెల్ల చొక్కాయన. నిండిన గుంట ఖాళీ చేయడం ఎవరి పనో షరతుల్లో ఉందేమో చూడమని సెక్రటరీ గారికి చెప్పాను. "ఉందండి, వాళ్ళ పనేనండి," అన్నాడు. ఉంటుందని నాకు తెలుసు. పిన్నికీ, వీధిలో వాళ్ళకీ కబురు పెట్టాను, ఆదివారం పొద్దున్నే గేటు దగ్గరకి రమ్మని.