ఒక్కనాటి పొగ

పాపకు మంచి గాలి తగలాలని ఊరి చివర ఇల్లు తీసుకున్నాం. ఈ మాట ఎవరికి చెప్పినా నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు మండుతుంది.

నాది బోధన్‌లో స్కూలు టీచరు ఉద్యోగం, మా ఆయన ఆఫీసు నిజామాబాద్‌లో. రెండింటికీ మధ్య, ఎడపల్లికి దగ్గర్లో ఒక పల్లెలో రెండు గదుల వాటా దొరికింది. మేం పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. ఉప్పుగాలి తప్ప మరో గాలి ఎరగను. వానలు పడి నాట్లు వేసే రోజుల్లో ఇక్కడికొచ్చాం. ఇంటికి మూడు పక్కలా వరి, రోడ్డవతల కాస్త చెరకు, ఎటు చూసినా పచ్చగా ఉంది. కిటికీలన్నీ బార్లా తీసి, ఇంతకన్నా ఏం కావాలే అని పాపతో అన్నాను.

ఇంటాయన రైతు. ఆయన పొలం మా వెనక గోడ దగ్గరే మొదలవుతుంది. నా మాట వినగానే "ఆంధ్రోళ్ళా?" అని అడిగాడు. అడిగినందుకు తనే మొహమాటపడి, పెరట్లోకి పోయి ఒక సొరకాయ తెంపుకొచ్చి చేతిలో పెట్టి, "తీస్కో చెల్లే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న, ఆయన భార్య వదిన. వాళ్ళకు పిల్లలు లేరు. మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. లేచింది మొదలు వాళ్ళ వంటింట్లోనే ఉండేది. వదిన జొన్నరొట్టె కొడుతుంటే ఎదురుగా కూర్చుని, వేడి రొట్టె చేతిలో పడేదాకా కదిలేది కాదు. "ఈ పిల్ల నా కడుపుల పుట్టేది ఉండె, తొవ్వ తప్పి మీ ఇంట్ల పుట్టింది," అని వదిన నన్ను ఏడిపించేది. నవ్వేదాన్ని గానీ, లోపల కొంచెం కుళ్ళు కూడా ఉండేది.

దీపావళి దాటాక కోత మిషన్లు దిగాయి. చేత్తో కోసే రోజుల్లో గడ్డిని మోపులు కట్టి పశువులకు దాచుకునేవాళ్ళట. మిషన్ అట్లా కాదు. కొయ్యకాళ్ళను ఎత్తుగా వదిలేసి, గడ్డిని మడి నిండా చిందరవందరగా కక్కి పోతుంది. రెండో పంట, యాసంగి నాట్లకు కాలువ నీళ్ళు వదిలేలోగా అదంతా పోవాలి. కూలీలు దొరకరు, దొరికినా ఆ పనికి రారు. అందుకని నిప్పు పెడతారు. రోడ్డవతల చెరకు కొట్టేశాక మిగిలిన ఎండాకు కూడా అట్లాగే పోతుంది.

మొదటిసారి పొగ చూసి, గడ్డివాము అంటుకుందనుకుని బిందెతో పరిగెత్తాను. గట్టు మీదున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. కొన్ని వారాల పాటు ఊళ్ళో నాకు బిందె టీచరమ్మ అనే పేరు నిలిచిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆరేసిన బట్టల మీద మసి, తోడుకున్న పెరుగు మీద మసి, తల దువ్వుకుంటే దువ్వెనకు మసి. ఊరుకునే మనిషిని కాను కనుక గట్టెక్కి ఒకరిద్దరితో దెబ్బలాడాను. "మీ దిక్కు సముద్రంల పొగ ఉండదా టీచరమ్మా?" అని ఎగతాళి చేశారు. వాళ్ళకు పొగంటే వానలాంటిది, వస్తుంది, పోతుంది, దాంతో తగవు పెట్టుకునే మనిషిని వింతగా చూశారు.

ఆ పంట కారులోనే పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకుంటే ఛాతీలోంచి సన్నగా చప్పుడు వచ్చేది. వదిన పసుపు, మిరియాలు వేసి పాలు కాచి తాగించేది. నేను నిజామాబాద్ తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. మందులు, ఆవిరి పట్టే మిషన్ రాశాడు. ఎండాకాలం కోతలప్పుడు మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. వానకాలం పంట పొట్టకొచ్చిన రోజుల్లో మూడోసారి చూపించడానికి పోతే, డాక్టరు పాప వీపు మీద స్టెతస్కోపు అట్లాగే ఉంచి నాకేసి చూశాడు. "మందులు నేనిస్తూనే ఉంటానమ్మా. పొగలో ఉన్నన్నాళ్ళూ ఇది తగ్గదు. ఏదో ఒక రోజు మీరు ఆస్పత్రికి చేరేలోపు ఊపిరి అందకపోవచ్చు," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. దారి పొడుగునా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే అన్నకు చెప్పేశాను, కోతలు మొదలయ్యేలోపు ఇల్లు ఖాళీ చేస్తామని. ఆయన గడపలో కూర్చుని వింటున్నాడు. వదిన లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. అన్న, "నేను కాలవెట్టకుంటె ఉంటరా చెల్లే?" అన్నాడు.

"నువ్వు ఒక్కడివి ఆపితే ఏమవుతుంది అన్నా? చుట్టూ అందరూ పెడతారు కదా," అన్నాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఈ జిల్లా పల్లెల తీరు ఒకటి చెప్పాలి. ఇక్కడ ఊరంతా కూర్చుని ఒక మాట అనుకుంటే దానికి తిరుగుండదు. ఊర పండుగ ఫలానా రోజంటే ఆ రోజు ఎవడూ నాగలి కట్టడు, దుకాణం తెరవడు. మంచికైనా చెడుకైనా అందరూ ఒక్కసారే కదులుతారు. అన్న చాయ్ హోటల్ దగ్గర ఆ కాలువ కింది రైతులందర్నీ కూర్చోబెట్టాడని మర్నాడు తెలిసింది. పిల్ల సంగతి చెప్పాడట. నన్ను బిందె టీచరమ్మ అన్నవాళ్ళు కూడా అక్కడున్నారట. కాల్చకుండా ఉండలేమని తేల్చుకున్నారు. కానీ ఒకరు ఈ రోజు, ఒకరు రేపు అంటూ నెలంతా కాల్చడం మానేసి, అందరూ ఒక్కనాడే కాల్చాలని మాట ఇచ్చుకున్నారు.

"ఒక్క దినం చెల్లే," అని అన్న మెరిసే కళ్ళతో వచ్చి చెప్పాడు. "ఆ దినం మీరు పిల్లను తీస్కొని నిజామాబాద్ పోండ్రి. మీరు ఒచ్చేసరికి అంత సాఫ్. మల్ల పొగ అన్నది ఉండదు. గీ ఒక్క కారు సూడుండ్రి."

నాకు ఏడుపొచ్చింది. ముందుగా కోసినవాళ్ళు మా పాప కోసం నిప్పు పెట్టకుండా ఆగారు. దున్నకం ఆలస్యమవుతుందని ఇళ్ళల్లో గొణిగినా, ఇచ్చిన మాట తప్పలేదు. ఆ వారాల్లో పాపకు ఒక్కసారి కూడా ఆవిరి పట్టాల్సిన పని పడలేదు. ఈ ఊరు నాదని మొదటిసారి అనుకున్నాను.

అనుకున్న ఆదివారం వచ్చింది. వదిన కూడా మాతో వస్తానని బయల్దేరి, ఈనిన బర్రెను వదిలి రాలేక ఆగిపోయింది. మేం నిజామాబాద్‌లో పార్కుకు పోయాం, హోటల్లో పూరీ తిన్నాం, పాపకు గాజులు కొన్నాం. పొద్దు వాలుతుండగా అన్న ఫోన్ చేశాడు. "అయిపోయింది చెల్లే. మంట లేదు, ఏం లేదు. ఇగ బయలెల్లుండ్రి. మీ వదిన రొట్టెలు చేస్తున్నది," అన్నాడు. వెనక ఎవరెవరో నవ్వుకుంటున్నారు. పండుగ చేసినంత సంబరంగా ఉంది ఆయన గొంతు.

మంట నిజంగానే లేదు. మధ్యాహ్నం గాలికి మంటలు లేచి, చప్పున ఆరిపోయాయి. కానీ కొయ్యకాళ్ళ మొదళ్ళు, గట్ల వెంబడి తడి గడ్డి లోలోపల రగులుతూనే ఉన్నాయి. సాయంత్రం గాలి ఆగింది, చలి దిగింది, పొగ పైకి పోయే దారి లేక నేల మీదే పరుచుకుంది. ఒక్క మడి పొగ ఎంతసేపు ఉంటుందో ఆ రైతులందరికీ తెలుసు, పొద్దు కుంకేలోపు పోతుంది. అన్ని మళ్ళ పొగ ఒక్కసారి లేస్తే ఎట్లా ఉంటుందో వాళ్ళల్లో ఎవరూ చూసి ఎరగరు.

రోడ్డు మీద ఆటో దిగేసరికి మా ఇల్లు కనబడలేదు. తెల్లటి గోడ కట్టినట్టుంది. వెనక్కి పోదామని నేననే లోపే ఆటో తిరిగి పోయింది. పాప దగ్గడం మొదలుపెట్టింది, ఆ తర్వాత దగ్గడానికి కూడా ఊపిరి లేక నోరు తెరిచి నా జాకెట్టు పట్టుకుంది. దాని పెదవులు నల్లబడ్డాయి. నేను ఏం అరిచానో నాకు తెలియదు. పొగలోంచి అన్న పరిగెత్తుకొచ్చాడు. పాపను చూశాడు, వెనక్కి పరిగెత్తి పొరుగాయన కారు తెచ్చాడు. ముందు తొవ్వ కనబడక తల కిటికీలోంచి బయటపెట్టి నడిపాడు. మా ఆయన ముందు సీట్లో దేవుళ్ళందరినీ పిలుస్తున్నాడు. నేను ఎవర్నీ పిలవలేదు. పాప ఛాతీ లేస్తోందా లేదా అని చూడటమే నాకు సరిపోయింది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి దాని పెదవులకు రంగు తిరిగింది. బయటికొచ్చి చూస్తే అన్న వరండాలో గోడకు ఒరిగి నిలబడి ఉన్నాడు. పాప మామను అడుగుతోంది, లోపలికి రమ్మన్నాను.

"నేను రాను చెల్లే. ఒంటికంత పొగ వాసనున్నది. బిడ్డకు మల్ల ఆయాసం లేస్తది," అన్నాడు.

తలుపు అద్దంలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు. తలంటుకుని, పెళ్ళిళ్ళకు కట్టే తెల్ల బట్టలు వేసుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు. వదిన ఇచ్చిన రొట్టెల మూట చంకలో ఉంది. తలుపు దగ్గర ఆగి చెయ్యి నా ముఖం దగ్గరికి చాచాడు. "జర సూడు చెల్లే. ఇంక వస్తున్నదా?"

వాసన చూశాను. సబ్బు వాసన వచ్చింది, దాని కింద పొగ కూడా ఉంది. లేదని చెప్పాలని ఎంత అనిపించిందో. కానీ లోపల ఉన్నది నా కూతురు. "వస్తోంది అన్నా," అన్నాను.

"వస్తది, వస్తది. గింత జల్ది యాడ పోతది," అని రొట్టెల మూట నా చేతికిచ్చి, తలుపు నుంచి వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించాను. రాలేదు.

మేం మళ్ళీ ఆ ఇంట్లో ఉండలేదు. సామాన్లకు నేనూ మా ఆయనే పోయాం. వదిన గిన్నెలు గడ్డిలో చుట్టి పెట్టబోయి, ఆ గడ్డి పక్కన పారేసి తన పాత చీరలు చింపి చుట్టింది. ఇప్పుడు నిజామాబాద్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. ఇక్కడికీ పొగ వస్తుంది, కోతలైన వారాల్లో సాయంత్రాలు ఎర్రగా మసకబారతాయి. అది ఈ టౌను చుట్టూ ఉన్న మళ్ళది. వాళ్ళెవరూ నాకు చెప్పి కాల్చరు.

అన్న మాత్రం ప్రతి పంట కారుకూ ఫోన్ చేస్తాడు. "చెల్లే, రేపు కాలవెడ్తున్న. పిల్లను బయటికి ఇడువకు," అంటాడు. ఆయన మడి పొగ ఇంత దూరం రాదని ఆయనకూ తెలుసు. మొదట్లో, అయితే కాల్చకు అని కసిరేయాలనిపించేది. కానీ ఆయనకు కూలీలు రారు, కాలువ నీళ్ళు ఆగవు. సరే అన్నా అంటాను, కిటికీలు మూస్తాను.

మొన్న ఫోన్ మా పాప లాక్కుంది. ఇప్పుడు అది రెండో తరగతి. "మామా, నువ్వు మా ఇంటికి ఎందుకు రావు? అత్త వస్తుంది కదా, నువ్వెప్పుడొస్తావ్?" అని నిలదీసింది.

నేనూ ఫోన్‌కు చెవి ఆనించాను. "వస్త బిడ్డా," అన్నాడు అన్న. "ఈ వాసన పోనియ్యి, వస్త."

మేం ఆ ఇల్లు వదిలాక ఆయన మా గడప తొక్కలేదు. ఒక పంట వాసన ఒంటి మీంచి పోయేలోపు ఇంకో పంట కోతకు వస్తుంది.