ఒకే ఫోను ఉన్న ఇల్లు

ఇంట్లో ఒకే సెల్‌ఫోను ఉంటే ఆడవాళ్లు దాన్ని ఎలా వాడుకుంటారు? రెండువేల దశాబ్దం చివర్లో, కర్నూలులో హాస్టల్లో ఉంటూ నేను చేసిన పరిశోధన ఇదే. "బటన్లు అందుతున్నాయా, అక్షరాలు కనబడుతున్నాయా, అంతే కదమ్మా" అన్నారు నా గైడు, మా సారు. నేనూ అంతే అనుకున్నాను.

బేతంచెర్లలో అంగన్‌వాడీ టీచరు నన్ను ఒక ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఇంటాయన బండల లారీ డ్రైవరు. ఆ మధ్యాహ్నం లోపల నిద్రపోతున్నాడు. పక్కన బండలు కోసే మిషన్ల మోత. ఆయన భార్య మాట వినబడాలంటే నేను బాగా దగ్గరికి జరగాల్సి వచ్చింది.

"ఫోనులో మీకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది ఏది?" అని అడిగాను.

ఆమె లోపలికి ఒకసారి చూసింది. "ఎవురికి చేసినామో అది చెరిపేసేది యాడుంటాదో తెలీదక్కా. మా అమ్మకు చేసినానని తెలిస్తే కొడతాడు."

జాకెట్టు చెయ్యి కాస్త పైకి లాగి చూపించింది. చర్మం కమిలిపోయి ఉంది. చెరపడం ఎలాగో చూపిద్దామంటే ఫోను ఆయన దిండు కింద ఉంది. వచ్చేటప్పుడు ఆమె నా నెంబరు అడిగి తీసుకుంది.

కొన్ని రోజులకు తెలియని నెంబరు నుంచి ఒక మిస్డ్ కాల్ వచ్చింది. మర్నాడు కర్నూలు బస్టాండులో ఉండగా అదే నెంబరు నుంచి ఫోను మోగింది. మగ గొంతు.

"ఎవురు నువ్వు? నా పెండ్లాము నీకు చేసిండాది. దాంతో నీకేం పని?"

భయంతో కట్ చేశాను. వెంటనే మళ్లీ మోగింది. ఆమె ఇప్పుడు ఆయన పక్కనే నిలబడి ఉంటుందన్న ఆలోచన అప్పుడొచ్చింది. ఎత్తి, కాలేజీ నుంచి ఫోన్ల మీద సర్వే చేస్తున్నామని చెప్పాను.

"అట్లయితే వచ్చి నా ముందర అడుగు."

సారు వెళ్లొద్దన్నారు. వెళ్లకపోతే సర్వే మాట అబద్ధమని ఆయన అనుకుంటాడు, దెబ్బలు ఆమెకు పడతాయి. అంగన్‌వాడీ టీచరును వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆయన మంచం మీద కూర్చుని ఫోను ముందు పెట్టాడు. ఆమె తలుపు దగ్గర, తలెత్తకుండా నిలబడింది.

"దాన్ని ఏమడిగినావో నన్నూ అడుగు మేడం."

మొదటి నుంచీ అడుగుతూ వచ్చాను. కష్టమైనది ఏదన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆమె కాళ్ల వేళ్లు నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"అయిపోయినాయా?" అన్నాడు.

"ఇంకొకటి ఉంది అన్నా. ఫోనులో మీకు కష్టంగా ఉండేది ఏది?"

ఆయన తలుపు దగ్గరున్న ఆమె వైపు చూశాడు. "అంకెలు తెలుస్తాయి. సదువు రాదు. మెసేజి వస్తే ఇదే చదివి చెప్తాది. ఉన్నదున్నట్ల చెప్తాందో లేదో నాకెట్ల తెలుస్తాది?"

జాలి పడాల్సిన మాటే. నాకు మాత్రం భయం ఇంకా పెరిగింది. అనుమానం అంత లోతుగా ఉన్న మనిషి దగ్గర ఆమెను వదిలి, టీ తాగి, దండం పెట్టి బయటికొచ్చాం. అప్పుడప్పుడూ ఆ ఇంటి మీద ఒక కన్నేసి ఉంచమని టీచరును బతిమాలుకున్నాను.

నెల దాటాక ఒక కాయిన్ బాక్సు నుంచి ఆమె ఫోను.

"అక్కా, కోయిలకుంట్లలో మా అమ్మ కాడ ఉండా. టీచరే బస్సెక్కిచ్చింది."

"నువ్వు చెప్పింది నేనెక్కడా రాయను. భయపడకు" అన్నాను.

"రాయకపోతే ఎందుకు అడిగితివి? భయం నాకా, నీకా? పేరొద్దు. మాట రాయి."

రాశాను. పేరు తీసేశాను, వీధి తీసేశాను. ఆ వాక్యాన్ని ఎవరో ఆయనకు చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకుంటూ మళ్లీ మళ్లీ మార్చాను. చివరికి ఒక్క వాక్యమే మిగిలింది, చేసిన కాల్ చెరపడం తెలియకపోతే కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు దెబ్బలు తినాల్సి వస్తుందని. పరిశోధన సమర్పించిన రోజు కూడా, అది ఆయన చెవిన పడుతుందేమోనని ఆ వాక్యాన్ని మరోసారి చదివి చూసుకున్నాను.