తోడికోడలి రాగిగంజి

మొన్న ఫోనులో ఎవరో ఒకామె పాలు పెరుగయ్యే రహస్యాన్ని కథలా చెబుతుంటే మా మనవరాలు నోరు తెరుచుకుని వింటోంది. ఎనభై అయిదేళ్ల వయసులో, ముక్కూమొహం తెలియని ఆమె మీద నాకు కడుపులో మంట పుట్టింది. నాకు అది కొత్త కాదు.

పందొమ్మిదివందల అరవైల మొదట్లో, మద్రాసులో బియ్యెస్సీ చదివి అనంతపురంలో ఆడపిల్లలకు సైన్సు చెప్పే నన్ను, కళ్యాణదుర్గం దగ్గర కరువు పనులు జరుగుతున్న ఒక ఊళ్లో, తిన్న తిండి ఒంట్లో ఏమవుతుందో తల్లులకు చెప్పి రమ్మని బ్లాకాఫీసువాళ్లు పంపారు. ఎనిమిదో తరగతితో బడి మానిన మా తోడికోడల్ని సాయానికి వెంటబెట్టుకుపోయాను. నల్లబల్ల మీద పిండిపదార్థాలనీ ఎంజైములనీ గంటసేపు రాశాను. మట్టి మోసి అలసిన ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి కునుకు తీశారు.

అప్పుడు మా తోడికోడలు లేచి, పిల్లల కోసం కాచిన రాగిగంజి, గరిటె నిలబడేంత చిక్కటిది, పొయ్యి మీంచి దించి, కాస్త ఆరనిచ్చి, ఇంటినుంచి తెచ్చిన మొలకరాగుల పిండి చెంచాడు వేసి తిప్పింది. చుక్క నీళ్లు పోయకుండానే గంజి జారుగా అయిపోతుంటే అందరూ మెడలు చాచి చూశారు.

"మొలకలో ఒక సత్తువ ఉండాదమ్మా, అది పిండిని తుంచి తీపి చేస్తాది. మన నోటి ఎంగిలిలోనూ అట్లాంటిదే ఉండాది. నీళ్లు పోసి పల్చన చేస్తే గంజిలో బలం తగ్గుతాది. ఇట్ల చేసి ఇంకోసారి కాస్తే బలమూ పోదు, పండ్లు రాని బిడ్డా మింగుతాడు. మా అక్కే చెప్పింది నాకు."

నిజమే, ఎప్పుడో వంటింట్లో నేను చెప్పిందే. నా పేరు చెప్పినందుకు సంతోషించాల్సింది పోయి, ఇంకా రగిలిపోయాను.

మరుసటి నెల ఆమెకు చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్లాను. బస్సు దిగగానే ఒక ముసలామె ఎదురొచ్చి, "ఆ యమ్మ యాడ?" అని అడిగింది. జ్వరమొచ్చిందని అబద్ధమాడాను. ఆమె ఇంట్లోకి పోయి, తాను మొలకలు కట్టి ఎండబెట్టి తిరగలిలో విసిరిన పిండి చిన్న మూట తెచ్చి, జ్వరం తగ్గినాక తాగమని చెప్పమంది. మూటను మా తోడికోడలి చేతికిచ్చాను గానీ, ఎవరు, ఎందుకు పంపారో చెప్పలేదు. ఎంత బాగా విసిరినారో అని మురిసిపోతూ ఆమె దాన్ని వాసన చూసింది. ఆ తర్వాత నేను ఏ ఊరికీ ఆమెను పిలవలేదు, తనను ఎందుకు పిలవలేదని ఆమె ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడా పిండి అట్టపెట్టెల్లో వస్తోంది, వెనక చిన్న అక్షరాల్లో నేను బల్ల మీద రాసిన మాటలన్నీ ఉంటాయి. ఇంట్లో మొలకలు కట్టేవాళ్లు లేరు. ఆమె పోయి పదేళ్లయింది. ఇప్పుడు నన్ను అమ్మమ్మా, టీచరమ్మా అని అందరూ పిలుస్తారు గానీ, అక్కా అని పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.