మావయ్యగారి ఊసరవెల్లికి నా వైద్యం

ఏడో తరగతి నేను మూడేళ్లు చదివాను. నాలుగో ఏడు కూడా కూర్చుంటే మాస్టారికన్నా నేనే సీనియర్ని అయిపోతానని భయపడ్డారో ఏమో, మా నాన్నను పిలిచి, "వీడికి ఈ చదువు సరిపోయిందండి, తీసుకెళ్లిపోండి" అన్నారు. ఆ సరిపోయిన చదువుతోనే తరవాత నేనొక ఊసరవెల్లికి వైద్యం చేశాను.

అప్పటికి నరసాపురం దగ్గర ఒక ఆసామిగారి రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాణ్ణి. కాపలా అంటే కర్ర పట్టుకుని కూర్చోవడం కాదు. మేత చల్లాలి. చెక్ ట్రే అని పళ్లెంలాంటి వల ఒకటి ఉంటుంది, అందులో మేత పెట్టి నీళ్లలో ముంచి, రెండు గంటలాగి ఎత్తి, తిన్నాయో లేదో చూడాలి. నీళ్లలో గాలి తగ్గితే ఏరియేటర్లు తిప్పాలి. రొయ్య మొహం చూసి దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. రొయ్యకు మొహం ఎక్కడుంటుందండీ అని మా ఆవిడ అడిగేది.

మా మావయ్యగారు మా దగ్గరే ఉండేవారు. బతుకంతా గోదావరి మీద పంటు నడిపి, ఈ గట్టు జనాన్ని ఆ గట్టుకూ ఆ గట్టు జనాన్ని ఈ గట్టుకూ చేర్చి, చివరికి మా వసారాలో కుర్చీ వేసుకున్నారు. అల్లుణ్ణి గనక నన్ను "మీరు" అనేవారు. ఆ "మీరు"లో గౌరవం తక్కువ, దూరం ఎక్కువ. నా హాస్యం ఆయనకు గిట్టేది కాదు. ఆయన మనసు విప్పి మాట్లాడేది ఒక ఊసరవెల్లితోనే. సరుగుడు తోటలో కాకులు దాన్ని పొడుస్తుంటే తువ్వాలులో వేసుకొచ్చి, పెరట్లో నందివర్ధనం చెట్టు మీద వదిలారు. కట్టలేదు, కట్టే అవసరమూ లేదు. ఆ చెట్టు నుంచి దడి దాకా పారిపోవాలన్నా దానికొక పూట పడుతుంది. ఒక అడుగు లేపి, వేద్దామా వద్దా అన్నట్టు ముందుకీ వెనక్కీ ఊగి, మళ్లీ ఆలోచనలో పడేది.

ఆయన రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. రాజమండ్రిలో ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుని, పది రోజులు పెద్ద కూతురింట్లో ఉండాలనుకున్నారు. బయల్దేరే ముందు నన్ను పెరట్లోకి పిలిచారు.

"అల్లుడుగారూ, కట్టు విప్పించుకుని వచ్చాక ముందు దీన్నే చూస్తానండి. ఏ రంగులో ఉందో తెలిసి ఏడాదయింది. మసగ్గా కొమ్మ కదిలినట్టు తప్ప కనపట్టంలేదు."

"నిశ్చింతగా వెళ్లిరండి మావయ్యగారూ. నా సొంత రొయ్యలా చూసుకుంటాను."

ఆయన నవ్వలేదు. సంచి తీసుకుని బస్సెక్కారు.

మర్నాడే ముసురు పట్టింది. తడిసి జలుబు చేస్తే ఎవరు జవాబు చెబుతారని ఊసరవెల్లిని తెచ్చి వసారాలో బుట్టలో పెట్టాను. పక్కన గిన్నె నిండా నీళ్లు. మిడతల్ని పట్టి, పాత చెక్ ట్రేలో వేసి, రెండు గంటలాగి చూశాను. మిడతలు అలాగే ఉన్నాయి, ఒకటి నావైపు జాలిగా చూస్తోంది. నాలుగో రోజుకు ఊసరవెల్లి బూడిద రంగుకు తిరిగింది. కళ్లు గుంటల్లోకి పోయాయి, ఒక కన్ను పగలంతా మూసే ఉంది. మేత ముట్టకుండా నీరసపడితే చెరువులో మేం మొదట చేసేది గాలి పెంచడం. కాబట్టి టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మొహానికి పెట్టాను. రెండో నంబరు మీద.

"దానికి ఫ్యానేంటండీ?" అంది మా ఆవిడ, లేసు అల్లుతూ.

"ఆక్సిజన్."

"మీకు జ్వరమొచ్చినప్పుడు చెప్పండి, చెరువులో దింపుతాను."

ఆరో రోజు పొద్దున చూద్దును కదా, దాని వీపు మీద తెల్లటి మచ్చలు!

చెరువుల మీద బతికేవాళ్లకు తెల్లమచ్చ అంటే మచ్చ కాదు, తెగులు. రొయ్య పెంకు మీద తెల్లమచ్చ కనపడిందంటే వారం తిరక్కుండా చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి. ఆ ఏడు చుట్టుపక్కల చాలామందికి అలాగే పోయింది. ఒకరి చెరువులో దిగిన మనిషిని ఇంకొకరు గట్టెక్కనిచ్చేవారు కాదు. నేనింకా బుట్ట ముందు కూర్చునే ఉన్నాను, పనికి రాలేదేమని ఆసామిగారే మోటారు సైకిలేసుకుని వచ్చేశారు.

"ఏంటయ్యా ఆ బుట్టలో?"

"మావయ్యగారి ఊసరవెల్లండి."

"ఒంటి మీద తెల్లగా ఏంటది? తెల్లమచ్చే! దీన్ని ముట్టుకుని నా చెరువులో చెయ్యి పెట్టావా?"

"లేదండి. ట్రే మాత్రం ముంచానండి."

"ఏ ట్రే?"

"దీనికి మిడతలు పెట్టిన ట్రేనండి. కడిగానండి ముందు."

ఆయన మా అరుగు మీద కూలబడ్డారు. లేస్తూనే, "సాయంత్రంలోగా దాన్ని సున్నం పోసి పాతెయ్. లేదంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అని వెళ్లిపోయారు.

"పాతేస్తే మా నాన్న కళ్లు తెరిచి ఎవర్ని చూడాలండీ? మిమ్మల్నా?" అంది మా ఆవిడ. "మిమ్మల్ని చూడ్డానికైతే ఆపరేషనే అక్కర్లేదన్నారు."

బుట్ట సైకిలుకు కట్టుకుని పశువుల ఆసుపత్రికి తొక్కాను. ముందు ఒక గేదె, దాని వెనక నేను. గేదె తోక నా మొహాన రెండుసార్లు కొట్టింది, తరవాత నా వంతు వచ్చింది. డాక్టరుగారు బుట్టలోకి తొంగి చూసి, చేసిన వైద్యమేంటో చెప్పమన్నారు. చెప్పాను.

"ఫ్యాను ఎందుకు పెట్టారు?"

"ఇంట్లో ఏరియేటర్ లేదండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడండి, మాది మెట్ట. మా జీడిమామిడి తోటలో ఇవి చాలా ఉండేవి. కన్ను ఇలా లోపలికి పోయిందంటే దానికి దాహమని. ఇది గిన్నెలో నీళ్లు తాగదు. అవి నీళ్లని కూడా దానికి తెలీదు. ఆకు మీద బొట్టు మెరిస్తే నాకుతుంది. బయట వాన పడుతుంటే మీరు లోపలికి తెచ్చి, ఫ్యాను కింద ఎండబెట్టారు."

"మరి తెల్లమచ్చలండి?"

"కుబుసం. పాముకి ఒకే తొడుగులా ఊడుతుంది, దీనికి పేలికల్లా. ఒంట్లో నీరు లేక అది కూడా సరిగా ఊడట్లేదు. గోళ్లతో పీకకండి."

"నోరు తెరిచి నీళ్లు పోసెయ్యమంటారా?"

"ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీరసలు దాన్ని పట్టుకోకండి." ఖాళీ సెలైన్ సీసా, గొట్టం నా చేతికిచ్చారు. "శుభ్రంగా కడిగి, మంచినీళ్లు పోసి, కొమ్మకు కట్టండి. బొట్టు బొట్టుగా ఆకుల మీద పడాలి. పొద్దుటెండ తగలాలి. అంతే."

ఇంటికొచ్చేసరికి వాన తగ్గింది. బుట్టను నందివర్ధనానికి ఆనించి ఊసరవెల్లిని ఎక్కనిచ్చి, పై కొమ్మకు సీసా వేలాడదీశాను. అరగంటలో దడి మీద మొహాలు లేచాయి.

"చెట్టుకి సెలైన్ ఎక్కిస్తున్నారేంటండీ?"

"గుండె నొప్పండి. ఎడం కొమ్మ లాగేస్తోందంటోంది."

నేను హాస్యమాడానని ఒక్కరికీ తట్టలేదు. పక్కింటావిడ తమ మునగచెట్టు రెండేళ్లుగా కాపు కాయటంలేదని, సీసా ఖాళీ అయ్యాక ఒకసారి ఇవ్వమని అడిగింది.

సాయంత్రానికి సున్నం పోయలేదు, గొయ్యి తవ్వలేదు. చెరువు మీదికి పోయే మొహమూ లేదు. ఆ పూట ఊసరవెల్లి కదల్లేదు. మర్నాడు ఒక బొట్టు దాని ముక్కు మీద పడింది, ఉలిక్కిపడింది, ఇంకో బొట్టు పక్క ఆకు మీద మెరిసింది. నాలుక బయటికొచ్చింది. ఆ తరవాత అది తాగుతూనే ఉంది, నేను దడి పక్కన గొంతుక్కూర్చుని చూస్తూనే ఉన్నాను. మూడో రోజుకు మూసిన కన్ను తెరుచుకుంది. ఒంటిని కొమ్మకేసి రుద్దుకుంటుంటే పేలికలు ఊడుతున్నాయి.

ఆసామిగారు నన్ను తిట్టడానికని వచ్చినప్పుడు అలాంటి పేలిక ఒకటి ఎగిరొచ్చి ఆయన చొక్కా మీద వాలింది. ఆయన కెవ్వుమన్నారు. తరవాత దాన్ని రెండు వేళ్లతో తీసి వెలుతురుకు పట్టి, కింద బయటపడిన పచ్చటి చర్మం వైపు చాలాసేపు చూశారు.

"రొయ్యలది కూడా ఇలా కుబుసమే అయితే ఎంత బాగుండునయ్యా" అన్నారు.

నాకు ఏ హాస్యమూ తోచలేదు. "అవునండి" అన్నాను. పొద్దున్నే పనికి రమ్మని చెప్పి వెళ్లారు.

మావయ్యగారు నల్లకళ్లద్దాలతో దిగారు. కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా పెరట్లోకి నడిచారు. అద్దాలు తియ్యకూడదని మా ఆవిడ మొత్తుకుంటున్నా తీసేశారు. ఊసరవెల్లి ఒక కన్ను ఆయన మీద, ఇంకో కన్ను నా మీద పెట్టింది.

"పచ్చగా ఉంది" అన్నారాయన. "వీపు మీద పసుప్పచ్చ చుక్కలు కూడా ఉన్నాయి. ఇవి నేనెప్పుడూ చూళ్లేదు."

ఆకు పక్కకు తప్పించి మళ్లీ చూశారు. అక్కడితో ఊరుకోవాల్సింది నేను. ఈలోగా మా ఆవిడ బుట్ట దగ్గర్నుంచి ఫ్యాను దాకా, ట్రే దగ్గర్నుంచి సెలైన్ దాకా పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆయన అంతా విని అద్దాలు పెట్టుకున్నారు.

"ఏదైతేనేం మావయ్యగారూ, బతికించానా లేదా? మీరే చెప్పండి" అన్నాను.

"మీరు బతికించలేదండి, అల్లుడుగారూ. మీరు వైద్యం మానేశారు, అది బతికింది."